జ్ఞానేంద్రియాధార అభ్యసనం

జ్ఞానేంద్రియాధార అభ్యసనం అనగా కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం అనే అయిదు జ్ఞానేంద్రియాల ద్వారాను, శరీర చలనం ద్వారాను శిశువు తన పరిసరాలను గ్రహించి, ఆ గ్రహింపు నుండి భావనలను ఏర్పరచుకునే ప్రక్రియ. పుట్టుక నుండి సుమారు ఆరు సంవత్సరాల వయసు వరకు జరిగే అభ్యసనంలో దీనిది ప్రధాన పాత్ర. అందువలన పూర్వ ప్రాథమిక విద్యా మనోవిజ్ఞానంలో ఇది ఒక ముఖ్యాంశంగా పరిగణింపబడుతున్నది.

అక్షరాలు, అంకెలు ప్రతీకలు మాత్రమే. "బరువు" అన్న మాట చదవడానికి ముందు బిడ్డ బరువును మోసి ఉండాలి. "ఆరు" అన్న అంకె దిద్దడానికి ముందు ఆరు గింజలను చేతితో ఏరి ఉండాలి. ఈ క్రమం తారుమారైనచోట బిడ్డ అక్షరాన్ని గుర్తుపట్టగలడు గాని, దాని వెనుక ఉన్న అర్థాన్ని అందుకోలేడు. ఈ వ్యాసంలో విషయ వివరణకు అవసరమైన ఉదాహరణలు ఎక్కువగా అనంతపురం మెట్ట ప్రాంతానికి చెందిన తనకల్లు మండల పరిసరాల నుండి గ్రహింపబడినవి. తనకల్లు కదిరి - మదనపల్లె రహదారి మీద ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో ఈ మండలం అనంతపురం జిల్లా నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది.

సంవేదన, ప్రత్యక్షం, భావన

మనోవిజ్ఞాన శాస్త్రంలో ఈ మూడు పదాలకు వేర్వేరు అర్థాలు ఉన్నాయి.

* సంవేదన: బయటి ఉద్దీపన ఇంద్రియాన్ని తాకినప్పుడు కలిగే తొలి స్పృహ. చేతికి ఏదో గరుకుగా తగలడం సంవేదన.
* ప్రత్యక్షం: సంవేదనకు పూర్వానుభవం తోడై అర్థం ఏర్పడడం. ఆ గరుకైనది వేరుశెనగ కాయ అని తెలియడం ప్రత్యక్షం.
* భావన: అనేక ప్రత్యక్షాల నుండి సామాన్య లక్షణాన్ని వేరుచేసి గ్రహించడం. కాయ, గోనెసంచి, చింతచెట్టు బెరడు మూడింటిలోను "గరుకుదనం" ఉన్నదని తెలియడం భావన.

సంవేదనకు ఉద్దీపన, పనిచేసే ఇంద్రియం ఉంటే సరిపోతుంది. ప్రత్యక్షానికి పునరావృత అనుభవం కావాలి. భావనకు పోలిక, భేదం, వాటికి తగిన మాట కూడా కావాలి. కనుక రంగురంగుల వస్తువులు బిడ్డ ముందు కుప్పగా పోయడమే ఇంద్రియ విద్య కాదు. వస్తువును తాకిన అనుభవాన్ని భావన దాకా నడిపించడమే ఉపాధ్యాయుని పని.

అయిదు ఇంద్రియాలతో పాటు మరి రెండింటిని కూడా శాస్త్రజ్ఞులు ఇందులో చేరుస్తారు. ఒకటి లోపలి చెవిలోని నిర్మాణాలపై ఆధారపడిన సమతాస్థితి జ్ఞానం. రెండవది కండరాలు, కీళ్ళ నుండి అందే దేహస్థితి జ్ఞానం. గట్టు మీద పడిపోకుండా నడిచే పిల్లవాడు మొదటిదానిని, కళ్ళు మూసుకొని కూడా తన ముక్కును వేలితో తాకగలిగిన పిల్లవాడు రెండవదానిని ఉపయోగిస్తున్నాడు.

శైశవంలో ఇంద్రియ వికాసం

అప్పుడే పుట్టిన శిశువుకు ఏమీ తెలియదన్న అభిప్రాయం ఒకప్పుడు బలంగా ఉండేది. ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో జరిగిన ప్రయోగాలు దీనిని చాలావరకు మార్చివేశాయి.

* వినికిడి: గర్భస్థ శిశువు చివరి నెలలలో శబ్దాలు వినగలదు. నవజాత శిశువులు పరాయి స్త్రీ గొంతు కంటె తల్లి గొంతునే ఎక్కువగా ఇష్టపడతారని డికాస్పర్, ఫైఫర్ 1980లో చూపారు.
* దృష్టి: పుట్టినప్పుడు చూపు స్పష్టంగా ఉండదు. సుమారు 20 - 30 సెంటీమీటర్ల దూరంలోని వస్తువులు మాత్రమే కొంత బాగా కనిపిస్తాయి. పాలిచ్చే తల్లి ముఖం ఇంచుమించు అంత దూరంలోనే ఉంటుంది.
* వాసన, రుచి: పుట్టిన కొద్ది రోజులలోనే తల్లి వాసనను శిశువు గుర్తిస్తుంది. తీపి పట్ల ఇష్టం పుట్టుకతోనే ఉంటుంది.
* స్పర్శ: నోటితో మాత్రమే తెలుసుకున్న ఆకారాన్ని నెల వయసు శిశువు తరువాత కంటితో గుర్తించగలదని 1979లో మెల్ట్‌జాఫ్, బోర్టన్ ప్రకటించారు. ఇంద్రియాలు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకుంటాయన్నది దీని సారాంశం.

భాషా ధ్వనుల విషయంలో తెలుగువారికి ఆసక్తి కలిగించే పరిశోధన ఒకటి ఉన్నది. 1984లో వెర్కర్, టీస్ అనే శాస్త్రజ్ఞులు ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని పసిపిల్లలకు హిందీలోని త - ట ధ్వనుల భేదాన్ని వినిపించారు. ఆరు నుండి ఎనిమిది నెలల వయసు పిల్లలు ఆ భేదాన్ని గుర్తించారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి చాలావరకు తగ్గిపోయింది. తమ చుట్టూ వినిపించని భేదాన్ని చెవి క్రమంగా పట్టించుకోవడం మానుతుందన్నమాట. త - ట, ల - ళ, న - ణ భేదాలు తెలుగు బిడ్డ చెవికి అందేది బడిలో చేరిన తరువాత కాదు, ఇంట్లో పెద్దల మాటల వలననే.

స్వయంగా కదలడం కూడా చూపుకు అవసరమే. 1963లో హెల్డ్, హైన్ జరిపిన ప్రయోగంలో ఒక పిల్లికూన తన కాళ్ళతో నడిచింది, దానికి జోడించిన బుట్టలో కూర్చున్న మరొక కూన అవే దృశ్యాలను కదలకుండా చూసింది. లోతును అంచనా వేయగల శక్తి నడిచిన కూనకే సక్రమంగా ఏర్పడింది. జంతువులపై జరిగిన ప్రయోగ ఫలితాలను పిల్లలకు యథాతథంగా అన్వయించరాదు. అయినను, చేసి చూడడానికి, ఊరకే చూడడానికి మధ్యనున్న తేడాను విద్యావేత్తలు దీనితో ఉదాహరిస్తారు.

మనోవిజ్ఞాన సిద్ధాంతాలు

జీన్ పియాజె (1896 - 1980) సంజ్ఞానాత్మక వికాసాన్ని నాలుగు దశలుగా విభజించాడు. మొదటిది పుట్టుక నుండి రెండేళ్ళ వరకు ఉండే ఇంద్రియ చాలక దశ. ఈ దశలో శిశువు ఆలోచన అంతా చేతలలోనే ఉంటుంది. రెండవది రెండు నుండి ఏడేళ్ళ వరకు ఉండే పూర్వ ప్రచాలక దశ. ఈ దశలో మాట, ఊహ వికసిస్తాయి గాని తర్కం ఇంకను కంటికి కనిపించేదానికి లోబడి ఉంటుంది. ఆరేసి చింతగింజలను రెండు వరుసలుగా పేర్చి, ఒక వరుసను ఎడంగా జరిపి "దేనిలో ఎక్కువ?" అని అడిగితే నాలుగేళ్ళ పిల్లలలో చాలామంది పొడవైన వరుసనే చూపుతారు. ఇది మందబుద్ధి లక్షణం కాదు, ఆ వయసుకు సహజం. ఇటువంటి పిల్లవానిచేత నూరు వరకు అంకెలు వల్లె వేయించినంత మాత్రాన సంఖ్యా భావన కలగదు.

జెరోమ్ బ్రూనర్ (1915 - 2016) జ్ఞానం మూడు రూపాలలో నిలుస్తుందన్నాడు. అవి చేతల రూపం, చిత్ర రూపం, ప్రతీక రూపం. కుండను చేతితో తడమడం మొదటిది, కుండ బొమ్మను గుర్తించడం రెండవది, "కుండ" అన్న మాటను చదవడం మూడవది.

లెవ్ వైగోట్‌స్కీ (1896 - 1934) ఇందులో పెద్దల పాత్రను నొక్కి చెప్పాడు. బిడ్డ ఒంటరిగా చేయలేక, పెద్దల చేయూతతో చేయగలిగే పనుల పరిధిలోనే అభ్యసనం చురుకుగా సాగుతుంది. ఇంద్రియానుభవానికి మాటను జోడించేది పక్కనున్న పెద్దవారే. ఆవ్వ పక్కన కూర్చుని ఉలవలు చెరుగుతూ "ఇది రాయి, ఇది పొల్లు, ఇది గింజ" అని చెప్పే ఇంట్లో ఈ సిద్ధాంతం పేరు తెలియకపోయినా అమలులో ఉన్నట్లే.

చరిత్ర

ఐరోపాలో రూసో తన "ఎమిలీ" (1762) గ్రంథంలో పుస్తకానికి ముందు ఇంద్రియాలకు శిక్షణ కావాలని వాదించాడు. ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో శిశు విద్యాలయం నెలకొల్పి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. బంతి, ఘనం, స్తూపం మొదలైన అతని ఆట వస్తువులు "ఉపహారాలు" అన్న పేరుతో ప్రసిద్ధి చెందాయి.

ఫ్రెంచి వైద్యుడు ఇటార్డ్ అడవిలో దొరికిన విక్టర్ అనే బాలునికి ఇంద్రియ శిక్షణ ద్వారా విద్య నేర్పడానికి ప్రయత్నించాడు. అతని శిష్యుడు సెగాన్ ఆ పద్ధతులను బుద్ధిమాంద్యం గల పిల్లలకోసం అభివృద్ధి చేశాడు. వీరిద్దరి కృషిని చదివిన ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి (1870 - 1952) 1907 జనవరి 6న రోమ్ నగరంలోని సాన్ లొరెంజో అనే పేదల పేటలో "బాలల ఇల్లు" ప్రారంభించింది. ఆమె రూపొందించిన సామగ్రిలో ప్రతి వస్తువు ఒకే ఒక గుణాన్ని వేరుచేసి చూపుతుంది. గులాబీరంగు గోపురంలోని పది ఘనాలకు రంగు ఒకటే, ఆకారం ఒకటే, పరిమాణం మాత్రం 1 సెంటీమీటరు నుండి 10 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. తప్పు చేస్తే గోపురమే చెబుతుంది, ఉపాధ్యాయుడు గద్దించనక్కరలేదు.

మాంటిస్సోరి 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మద్రాసులోని అడయారుకు వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఇటలీ శత్రుదేశం కావడంతో ఆమెపై ఆంక్షలు విధింపబడ్డాయి. యుద్ధకాలంలో కొంత భాగం కొడైకెనాల్‌లో గడిపి, 1946లో ఐరోపాకు తిరిగి వెళ్ళింది. ఈ సంవత్సరాలలో ఆమె వద్ద శిక్షణ పొందిన ఉపాధ్యాయుల ద్వారా ఈ పద్ధతి దేశమంతటా వ్యాపించింది.

అంతకుముందే గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం ప్రారంభించాడు. ఖరీదైన సామగ్రి గ్రామాలకు అందదని గుర్తించిన తారాబాయి మోడక్, ఆమె సహచరి అనుతాయి వాఘ్ 1945 నుండి మహారాష్ట్రలోని బోర్డిలోను, తరువాత కోస్‌బాడ్‌లోను గింజలు, గుల్లలు, ఆకులు, మట్టి వంటి స్థానిక వస్తువులతోనే ఇంద్రియ విద్యను నడిపారు. ముంగిట్లో నడిచే బడి అన్న అర్థం గల "అంగన్‌వాడీ" అన్న భావం వీరి కృషి నుండి వచ్చినదే.

దత్త మండలాలలో ఇసుకలో అక్షరాలు

ఇంద్రియాల ద్వారా అక్షరం నేర్పడం మన ప్రాంతానికి విదేశాల నుండి వచ్చిన విద్య కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఆదేశించిన దేశీయ విద్యా విచారణలో భాగంగా బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో ఒక నివేదిక సమర్పించాడు. నేటి అనంతపురం ప్రాంతంలో అధిక భాగం అప్పుడు బళ్ళారి జిల్లాలోనే ఉండేది. (తనకల్లు ఉన్న కదిరి తాలూకా మాత్రం కడప జిల్లాలో ఉండి, 1910లో అనంతపురం జిల్లాలో కలిసింది.) ఆ నివేదిక ప్రకారం బళ్ళారి జిల్లాలో 533 పాఠశాలలు, వాటిలో 6,641 మంది విద్యార్థులు ఉన్నారు.

బడిలో చేరిన బిడ్డ మొదట నేలమీద పరచిన ఇసుకలో వేలితో అక్షరాలు రాస్తూ నేర్చుకుంటాడని, ఐరోపాలో వలె ముందుగా అక్షరాల పేర్లు వల్లించడంతో మొదలుపెట్టడని కాంప్‌బెల్ వివరించాడు. ఇసుకలో చేయి తిరిగిన తరువాతనే తాటాకు మీద గంటంతోను, కాగితం మీద కలంతోను, కడితాల మీద బలపంతోను రాసే అర్హత లభించేది. వేలి కొనకు తగిలే ఇసుక, భుజం నుండి కదిలే చేయి, కంటికి కనిపించే ఆకారం, నోటితో పలికే ధ్వని ఒకేసారి కలవడం ఈ పద్ధతిలోని విశేషం. తరువాత శతాబ్దంలో మాంటిస్సోరి రూపొందించిన గరుకు కాగితపు అక్షరాలలో కూడా ఇదే సూత్రం కనిపిస్తుంది. ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమంలో పనిచేసిన ఆండ్రూ బెల్ ఇసుకలో రాసే విధానాన్ని మద్రాసు ప్రాంతపు దేశీయ బడిలో చూసి తన పాఠశాలలో ప్రవేశపెట్టాడు. 1797లో లండన్‌లో ప్రచురించిన పుస్తకం ద్వారా ఇది ఇంగ్లండుకు కూడా చేరింది. అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలోని బియ్యంలో వేలు పట్టి దిద్దించే ఆచారం ఈ పద్ధతికి నేటికీ మిగిలిన గుర్తు.

ఈ వీధిబడులను పూర్తిగా ఆదర్శంగా భావించరాదు. బాలికలకు, దళితుల పిల్లలకు వాటిలో చోటు అరుదు. కఠిన శిక్షలు, అర్థం తెలియని కంఠస్థం కూడా ఉండేవి. దేశం క్రమంగా పేదరికంలోకి జారడం వలన పూర్వం బడులున్న అనేక గ్రామాలలో ఇప్పుడు లేవని, పనిచేయగల వయసు రాగానే పిల్లలను కూలికి తీసుకుపోతున్నారని అదే నివేదికలో కాంప్‌బెల్ విచారం వ్యక్తం చేశాడు.

బోధనా సోపానాలు

పూర్వ ప్రాథమిక తరగతిలో ఒక భావనను నేర్పేటప్పుడు సాధారణంగా ఈ క్రమం పాటిస్తారు.

1. స్వేచ్ఛగా తాకనివ్వడం: వస్తువును బిడ్డ తనకు తోచినట్లు పట్టుకొని, తిప్పి, చప్పుడు చేసి చూస్తాడు. ఈ దశలో ప్రశ్నలు వేయరాదు.
2. జతపరచడం: ఒకే రకమైన వాటిని కలుపుతాడు.
3. వేరుచేయడం: కలిసిన కందులను, అలసందలను విడదీస్తాడు.
4. వరుసలో పెట్టడం: చిన్నది నుండి పెద్దదానికి, తేలికది నుండి బరువైనదానికి పేర్చుతాడు.
5. పేరు పెట్టడం: అనుభవంలోకి వచ్చిన గుణానికి మాట నేర్పుతారు.
6. ప్రతీక: బొమ్మ, ఆపైన అక్షరం లేదా అంకె.

అయిదవ సోపానానికి సెగాన్ చెప్పిన మూడు మెట్ల పాఠం ప్రసిద్ధమైనది. మొదట "ఇది గరుకు, ఇది నునుపు" అని చెప్పాలి. తరువాత "గరుకుగా ఉన్నది ఏది?" అని అడగాలి. చివర మాత్రమే "ఇది ఎలా ఉంది?" అని అడగాలి. చాలామంది మొదటి మెట్టు నుండి నేరుగా మూడవ మెట్టుకు దూకుతారు. బిడ్డ చెప్పలేకపోతే తెలియదని తీర్మానిస్తారు. గుర్తించడం సులభమని, గుర్తుతెచ్చుకొని చెప్పడం కష్టమని ఇక్కడ మరువరాదు.

తెలుగు లిపి విషయంలో దృశ్య భేద గ్రహణం చాలా ముఖ్యం. ప - వ, మ - య, ద - ధ, బ - భ వంటి జంటలలో తేడా ఒక చిన్న గీతలోనో, కలయికలోనో ఉంటుంది. ఆకుల అంచులు, గింజల మచ్చలు పోల్చి చూసే అలవాటు ముందుగా కలిగితే ఈ సూక్ష్మ భేదాలను పట్టుకోవడం సులభమవుతుంది.

తనకల్లు పరిసరాలలో లభించే సామగ్రి

అనంతపురం ప్రాంతంలో సగటు వర్షపాతం సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుశెనగ ప్రధానమైన మెట్ట పంట. కరువు ప్రాంతమైనను, ఇంద్రియ విద్యకు కావలసిన వస్తువులకు ఇక్కడ కరువు లేదు.

* స్పర్శ: ఎర్రమట్టి, వంక ఇసుక, గులకరాళ్ళు, గోనెపట్ట, పట్టుగుడ్డ పీలిక, వేరుశెనగ పొట్టు, కుండపెంకు. గుడ్డసంచిలో వస్తువులు వేసి చూడకుండా తడిమి చెప్పించే ఆట పిల్లలకు ఎంతో ఇష్టం.
* దృష్టి: కానుగ, వేప, చింత, రావి ఆకుల ఆకార భేదాలు. ఒకే వేపచెట్టు లేత చిగురు నుండి పండుటాకు వరకు రంగుల వరుస. ఒక గింజ, రెండు గింజలు, మూడు గింజలున్న వేరుశెనగ కాయలు.
* వినికిడి: మూతపెట్టిన ఒకే రకం డబ్బాలలో రాగులు, ఉలవలు, చింతగింజలు, గులకరాళ్ళు వేసి ఊపించి జతలు కలిపించడం. మేకల మెడగంట, బస్సు హారను, చిమటల రొద వంటివి కళ్ళు మూసుకొని విని గుర్తించడం.
* వాసన: కదిరి మల్లెలు, కొత్తిమీర, వేయించిన వేరుశెనగ, నిమ్మాకు, తొలకరికి తడిసిన నేల.
* రుచి: చింతచిగురు పులుపు, బెల్లం తీపి, మెంతుల చేదు, ఉప్పు, ఉసిరి వగరు.
* బరువు, పరిమాణం: తట్ట, చేట, చెంబు, పడి, మానిక. ఒక చెంబు నీటిని వెడల్పు పళ్ళెంలోను, పొడవు సీసాలోను పోయించి చూపడం.
* సమతాస్థితి, దేహస్థితి: తొక్కుడుబిళ్ళ, కళ్ళగంతలు, గట్టు మీద నడక, మర్రి ఊడల ఊయల.

అచ్చనగాయలు ఆడే బాలిక రాయి ఎత్తును కంటితో, సమయాన్ని చేతితో, సంఖ్యను మనసుతో ఏకకాలంలో లెక్కిస్తుంది. వామనగుంటలలో పంచడం, కూడడం, మిగులు చూడడం గింజల స్పర్శతోనే జరుగుతాయి. ఈ ఆటలు సాధారణంగా అయిదేళ్ళు దాటినవారివి. చిన్నవారు పక్కన కూర్చుని గింజలు అందిస్తూ నేర్చుకుంటారు.

కదిరి సమీపంలోని తిమ్మమ్మ మర్రిమాను చుట్టూ నడిచి వచ్చిన బిడ్డకు "పెద్దది" అన్న మాట కాళ్ళ నొప్పితో సహా అర్థమవుతుంది. 1989లో గిన్నిస్ పుస్తకంలో చోటు పొందిన ఈ చెట్టును చిత్రపటంలో చూపితే అది అరచేతిలో ఇమిడిపోతుంది.

అంగన్‌వాడీలు, ఇతర ప్రయత్నాలు

సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం (ఐ.సి.డి.ఎస్.) 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైనది. ఆంధ్రప్రదేశ్‌లో ఆదిలోనే ఎంపికైన ప్రాంతాలలో అనంతపురం జిల్లాలోని కంబదూరు ఒకటి. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలతో పాటు మూడు నుండి ఆరేళ్ళ పిల్లలకు పాఠశాల పూర్వ విద్య ఈ పథకంలోని సేవలలో ఒకటి.

తనకల్లుకు దక్షిణాన మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీలో, జిడ్డు కృష్ణమూర్తి భావాలతో ఏర్పడిన విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెలలో ఉపగ్రహ పాఠశాలలను నడిపింది. పద్మనాభరావు, రమ దంపతుల నేతృత్వంలో అక్కడ కార్డులు, అభ్యసన నిచ్చెన, స్థానిక వస్తువులు, తోలుబొమ్మలతో కూడిన బోధనా పద్ధతి రూపొందింది. ఇది ప్రాథమిక తరగతులకు ఉద్దేశించినదైనను, బిడ్డ తన వేగంతో చేస్తూ నేర్చుకోవాలన్న సూత్రం ఇదే. తమిళనాడులో అమలైన కార్యకలాప ఆధారిత విద్యకు ఈ పద్ధతి ప్రేరణ.

జాతీయ విద్యావిధానం 2020 మూడు నుండి ఎనిమిదేళ్ళ వయసును ఒకే పునాది దశగా గుర్తించింది. 2022 అక్టోబరులో విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం ఆటను, ఇంద్రియానుభవాన్ని బోధనకు ఆధారంగా తీసుకొన్నది.

అవరోధాలు

ముందస్తు రాత: మూడేళ్ళ బిడ్డకు మణికట్టు, వేళ్ళలోని చిన్న కండరాలు తగినంతగా పరిణతి చెంది ఉండవు. ఆ వయసులో పుటలకొద్దీ అక్షరాలు దిద్దించడం వలన చేతినొప్పి, బడి పట్ల భయం కలుగుతాయి. "మా వాడు అప్పుడే ఏ, బీ, సీ, డీలు రాస్తున్నాడు" అన్న గర్వం తల్లిదండ్రులకు సహజమే. తాము చదువుకోలేకపోయిన కూలీ కుటుంబాలలో ఆ ఆశ మరింత బలంగా ఉంటుంది. మట్టితో ఆడించే కేంద్రాన్ని "ఆటలు తప్ప చదువు లేదు" అని తీసిపారవేయడానికి ఇదే కారణం. మట్టి పిసకడం, గింజలు ఏరడం, దారంలో పూసలు గుచ్చడం రాతకు సన్నాహాలేనని తల్లిదండ్రులకు వివరించడం ఉపాధ్యాయుల బాధ్యత.

గుర్తింపబడని ఇంద్రియ లోపాలు: ఇది అన్నింటికంటె తీవ్రమైన సమస్య. చెవిలో చీము తరచుగా కారే బిడ్డకు వినికిడి తగ్గి, పిలిస్తే పలకడు. దృష్టిదోషం ఉన్న బిడ్డ నల్లబల్ల మీది అక్షరాన్ని పోల్చుకోలేడు. విటమిన్ - ఎ లోపం ఉన్న బిడ్డకు సందెవేళ చూపు మందగిస్తుంది. ఇటువంటివారికి "మొద్దు", "పెంకి" అన్న పేర్లు పడుతుంటాయి. మెల్లకన్ను, మసకకన్ను వంటి లోపాలను చిన్న వయసులో సరిచేసినంతగా తరువాత సరిచేయలేరు. మెదడులో దృష్టి వికాసానికి కీలకమైన కాలం ఉన్నదని హ్యూబెల్, వీజెల్ పరిశోధనలు నిరూపించాయి. వారికి 1981లో నోబెల్ బహుమతి లభించింది. 1970లో మొదలైన విటమిన్ - ఎ ద్రావణ పంపిణీ, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఈ లోపాల నివారణకు, తొలి గుర్తింపుకు ఉద్దేశించినవి. అనంతపురం కేంద్రంగా 1969లో ఏర్పడిన గ్రామీణాభివృద్ధి సంస్థ (ఆర్.డి.టి.) వినికిడి, దృష్టి లోపాలున్న బాలల కోసం ప్రత్యేక పాఠశాలలు నెలకొల్పింది.

ఇంద్రియపు ఆటలే ఉపాధ్యాయునికి పరీక్షా సాధనాలు కూడా. డబ్బాల చప్పుడు జత కలపలేని బిడ్డకు, ప్రతి వస్తువును ముఖానికి దగ్గరగా పెట్టుకొని చూసే బిడ్డకు పాఠం కంటె ముందు వైద్య పరీక్ష అవసరం.

వలస: వానలు తప్పిన సంవత్సరాలలో కుటుంబాలు బెంగుళూరు వంటి నగరాలకు కూలిపనికి తరలిపోతాయి. వెంట వెళ్ళిన పిల్లలు కట్టడాల పక్కన, కొత్త భాష మధ్య ఏ కేంద్రమూ లేకుండా గడుపుతారు. అవ్వతాతల వద్ద మిగిలిన పిల్లలకు తిండి దొరికినా, వారితో మాట్లాడే తీరిక గల పెద్దలు ఎప్పుడూ ఉండరు. కాంప్‌బెల్ 1823లో చూసిన కష్టం రూపం మార్చుకొని నేటికీ ఉన్నది.

విమర్శలు, అపోహలు

* "కొందరు కంటితో నేర్చేవారు, కొందరు చెవితో నేర్చేవారు" అని పిల్లలను విభజించి వేర్వేరుగా బోధించాలన్న వాదం బహుళ ప్రచారం పొందింది. దీనికి తగిన ఆధారాలు లేవని 2008లో పాష్లర్ తదితరుల సమీక్ష తేల్చింది. బహుళ ఇంద్రియ బోధన అందరికీ ఉపయోగకరమే గాని, బిడ్డకు ముద్ర వేయడం తగదు.
* గోడల నిండా బొమ్మలుంటే మంచిదన్న నమ్మకం కూడా పూర్తిగా సరికాదు. మితిమీరిన అలంకరణ చిన్నపిల్లల అవధానాన్ని చెదరగొడుతుందని 2014లో ఫిషర్ తదితరులు చూపారు.
* ఆకర్షణీయమైన వస్తువు కొన్నిసార్లు తానే లక్ష్యమై కూర్చుంటుంది. లెక్కకు ఇచ్చిన బొమ్మతో బిడ్డ ఆడుకుంటాడు, లెక్క మరచిపోతాడు. లెక్కకు సాదా గింజలే మేలు.
* ఇంద్రియ సమన్వయ చికిత్సకు జీన్ ఏయర్స్ 1972లో పునాది వేసింది. అయితే "ఇంద్రియ ప్రక్రియా రుగ్మత"ను ప్రత్యేక రోగ నిర్ధారణగా వాడవద్దని అమెరికా శిశు వైద్యుల సంఘం 2012లో సూచించింది.
* మాంటిస్సోరి పద్ధతికి అనుకూలంగా 2006లో లిలార్డ్, ఎల్స్‌క్వెస్ట్ ప్రచురించిన అధ్యయనం వంటివి ఉన్నాయి. అయితే పేరు మాత్రం పెట్టుకొని, సామగ్రిని అద్దాల బీరువాలో దాచే బడులకు ఆ ఫలితాలు వర్తించవు.

జాగ్రత్తలు

* మూడు, నాలుగేళ్ళలోపు పిల్లలకు వేరుశెనగ గింజలు, చింతగింజలు పెద్దల పర్యవేక్షణ లేకుండా ఇవ్వరాదు. గొంతులో, ఊపిరితిత్తుల దారిలో అడ్డుపడితే ప్రాణాపాయం. ముక్కులో, చెవిలో పెట్టుకోవడం కూడా సాధారణం.
* గురివింద గింజలు, ఆముదం గింజలు, ఉమ్మెత్త కాయలు విషపూరితాలు. అందంగా ఉన్నవని ఆటసామగ్రిలో చేర్చరాదు.
* విత్తనానికి మందు పట్టించిన వేరుశెనగ గింజలను, పురుగుమందు డబ్బాలను ఎట్టి పరిస్థితులలోను వాడరాదు.
* రుచి చూపే ముందు చేతులు కడిగించాలి. తెలియని ఆకులను, కాయలను నోట పెట్టరాదని మొదటి పాఠంగా చెప్పాలి.
* ఇసుకను జల్లించి, ఎండబెట్టి వాడాలి.

ఇవి కూడా చూడండి

* మరియా మాంటిస్సోరి
* జీన్ పియాజె
* అంగన్‌వాడీ
* అక్షరాభ్యాసం
* తనకల్లు మండలం
* తిమ్మమ్మ మర్రిమాను